నిరోధమే లేనప్పుడు అంచుకీ మధ్యకీ తేడా ఏమిటి?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సూపర్‌కండక్టర్ ఫిల్మ్ వెడల్పు రెట్టింపు చేస్తే క్రిటికల్ కరెంటు కూడా రెట్టింపు అవుతుందని సెమినార్‌లో చెప్పాను. మా సార్ "అవ్వదు, అంచులు ఒప్పుకోవు" అని ఊరుకున్నారు. మా నాన్న ఎలక్ట్రీషియన్, ఆయనేమో తీగ ఎంత లావైతే అంత కరెంటు అంటారు. నిరోధమే లేనప్పుడు అంచైతే ఏమిటి, మధ్యైతే ఏమిటి? తెలుగులో రాయండి, ఇంట్లో నాన్నకి కూడా చదివి వినిపిస్తాను.
– ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: తిరకాసంతా మీరు అడిగిన ఆ చివరి ప్రశ్నలోనే ఉందమ్మా. మీ నాన్నగారి కోసం ముందు రెండు మాటలు: సూపర్‌కండక్టర్ అంటే బాగా చల్లబరిస్తే నిరోధమే లేకుండా కరెంటు మోసే పదార్థం, ఫిల్మ్ అంటే దాని పలచని పొర. ఆ గుణం పోకుండా అది మోయగల గరిష్ఠ కరెంటే క్రిటికల్ కరెంటు. రాగి తీగలో డీసీ కరెంటు అంతటా సమానంగా పరుచుకునేది నిరోధం ఉండబట్టే. అందుకే లావు తీగ ఎక్కువ మోస్తుందనే మీ నాన్నగారి మాట అక్కడ సరిపోతుంది. నిరోధం పోయాక కరెంటుని సమానంగా పంచేవాళ్లే ఉండరు. అప్పుడు పెత్తనం అయస్కాంత క్షేత్రానిది. సూపర్‌కండక్టర్ తనలోకి ఆ క్షేత్రాన్ని రానివ్వదు (మైస్నర్ 1933లో చూసింది ఇదే), రానివ్వకుండా ఉండాలంటే కరెంటు రెండు అంచుల దగ్గరికి పోగుపడాలి. వెడల్పాటి పలచని పట్టీకి లెక్క వేస్తే నడిమధ్యలో కరెంటు సాంద్రత సగటులో 64 శాతమే ఉంటుంది, అంచుకి వెళ్లేకొద్దీ బాగా పెరిగిపోతుంది.

అంచు దగ్గర అంత కరెంటు ఉంటే ఏమవుతుంది? వోర్టెక్స్‌లు, అంటే అయస్కాంత క్షేత్రపు చిన్న చిన్న సుడులు, లోపలికి దూరడానికి చూస్తాయి. ఒక్కో సుడిలో ఉండే ఫ్లక్స్ ఎప్పుడూ ఒకటే, 2.07×10⁻¹⁵ వెబర్లు. ఒక అంచు నుంచి పైకి చూసేవి, రెండో అంచు నుంచి కిందికి చూసేవి వస్తాయి. కరెంటు రెండింటినీ మధ్యకి తోస్తుంది, అక్కడ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సుడి కదిలిందంటే వోల్టేజి పుట్టినట్టే, వోల్టేజి పుట్టిందంటే మీరు క్రిటికల్ కరెంటు దాటినట్టే. అంటే పట్టీ మధ్యభాగం ఇంకా ఎంతో మోయగలిగి ఉన్నా, అంచు లొంగిపోతే కథ ముగిసినట్టే.

ఇక్కడ మీ సార్ మాటకి ఒక షరతు చేర్చాలి. సుడిని ఆపేవి రెండున్నాయి. ఒకటి అంచు దగ్గరి అడ్డు, లోపలికి రాబోయే సుడిని అంచే వెనక్కి లాగుతుంది. బీన్, లివింగ్‌స్టన్ 1964లో లెక్కగట్టింది దీన్నే. రెండోది లోపలి పిన్నింగ్, అంటే పదార్థంలోని లోపాలు సుడిని పట్టి కదలనివ్వకపోవడం. పిన్నింగ్ బలహీనమై అంచే కాపలా కాసే వెడల్పాటి ఫిల్ముల్లో క్రిటికల్ కరెంటు వెడల్పు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, రెట్టింపు వెడల్పుకి 1.4 రెట్లే. వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన సూపర్‌కండక్టర్) టేపు లాంటి గట్టి పిన్నింగ్ ఉన్న వాటిలో అలా కాదు. అంచు నిండాక కరెంటు లోపలికి జరుగుతూ పట్టీ అంతా నిండుతుంది, అక్కడ మీరు సెమినార్‌లో చెప్పిందే దాదాపు నిజం. నాలుగు మిల్లీమీటర్ల టేపు, ఒక మైక్రాన్ పొర, చదరపు సెంటీమీటరుకి 30 లక్షల ఆంపియర్లు అనుకుంటే 120 ఆంపియర్లు వస్తుంది, 77 కెల్విన్ దగ్గర ఇది సాధ్యమయ్యే లెక్కే.

వెడల్పాటి అంటే ఎంత? దీనికి కొలమానం పెర్ల్ పొడవు, 2λ²/d. ఇందులో λ అంటే అయస్కాంత క్షేత్రం సూపర్‌కండక్టర్ లోపలికి చొరబడగల లోతు, d అంటే పొర మందం. పట్టీ ఈ పొడవుకంటే బాగా వెడల్పుంటేనే అంచుల దగ్గర పోగుపడే లెక్క వర్తిస్తుంది. దీన్ని లెక్కగట్టిన జూడియా పెర్ల్ తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లి 2011 ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు, నాకు భలే ఇష్టమైన సంగతిది. ఐదు నానోమీటర్ల నయోబియం నైట్రైడ్ పొరకి, λ అర మైక్రాన్ అనుకుంటే, అది 100 మైక్రాన్లు వస్తుంది. కాబట్టి ఫోటాన్ డిటెక్టర్లలో (కాంతి కణాల్ని పసిగట్టే పరికరాల్లో) వాడే 100 నానోమీటర్ల సన్న పట్టీలో, తిన్నగా ఉన్నంత మేరా, కరెంటు సమానంగానే ఉంటుంది. చిక్కు మలుపుల్లో వస్తుంది. కరెంటు లోపలి మూలని రాసుకుంటూ పోతుంది, మూల ఎంత పదునైతే అక్కడ అంత రద్దీ. క్లెమ్, బెర్గ్రెన్ 2011లో ఇది లెక్కవేసి, మూలల్ని గుండ్రంగా తీస్తే ఆ నష్టం తగ్గుతుందని చూపించారు.

అంచులో చిన్న గంటు ఉన్నా ఇదే తంతు. వరదొచ్చినప్పుడు మహేంద్రతనయ గట్టు ఎంత ఎత్తున్నా ఎలక కన్నం ఉన్నచోటే గండి పడుతుంది కదా, సుళ్లు కూడా ఆ గంటులోంచే లోపలికి వస్తాయి. అందుకని ఫిల్మ్ ఎంత బాగా తయారుచేశారన్నదే కాదు, ఎలా కోశారన్నదీ చూడాలి. ఈ రెండో సంగతి మన క్లాసుల్లో చెప్పకుండా వదిలేయడం నాకు నచ్చదు.

మీ ఫిల్ములో కాపలా ఎవరిదో తేల్చుకోవాలంటే ఫిల్ముకి నిలువుగా కొద్దికొద్దిగా అయస్కాంత క్షేత్రం పెంచుతూ క్రిటికల్ కరెంటు కొలవండి. సున్నా దగ్గర్నుంచే సరళరేఖలా తగ్గితే అంచుని అనుమానించాలి, ఎందుకంటే బయటి క్షేత్రం ఒక అంచు మీద భారాన్ని నేరుగా పెంచుతుంది. తర్వాత కరెంటు దిశ తిప్పి మళ్లీ కొలవండి. రెండు విలువలూ వేరుగా వస్తే మీ రెండు అంచులూ ఒకేలా లేవని అర్థం, అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టి చూడండి.