నడక మానొద్దు, పాత చీటీతో మాత్రలు కొనొద్దు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మూడేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్ - మెదడు, వెన్నుపాములో నరాల పై పొర దెబ్బతినే జబ్బు) ఉంది, చెన్నైలో చూపించుకుంటున్నాను. సాయంత్రం మిద్దె మీద అరగంట నడిస్తే చూపు మసకబారుతోంది, కుడికాలు ఈడ్చుకుపోతోంది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. పోయిన నెల కాలు మరీ బరువెక్కితే పాత చీటీతో స్టెరాయిడ్ మాత్రలు తెచ్చి వేసుకుని, ఐదు రోజులు పడుకున్నాను. తగ్గింది. మూత్రంలో కొంచెం మంట కూడా ఉంది. నడక మానేయమని అత్తగారు అంటున్నారు. మానేయాలా? ఏ ఆసనాలు వేయాలి?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నడక సంగతి తర్వాత చూద్దాం. మూత్రంలో మంట ఎన్నాళ్ల నుంచమ్మా? చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, నా అనుమానం దాని మీదే. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తే, జ్వరం పెద్దగా లేకపోయినా ఎమ్మెస్ పాత లక్షణాలు మళ్లీ తలెత్తవచ్చు. జబ్బు తిరగబెట్టినట్టే అనిపిస్తుంది. ఆ సమయంలో స్టెరాయిడ్ పడితే ఇన్‌ఫెక్షన్ ముదరవచ్చు.

చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేస్తారు, నిజమే. ఆ చీటీ రాసిన రోజు డాక్టరుగారు మీ బీపీ, షుగర్, యూరిన్ చూసుకుని ఉంటారు. పోయిన నెల అవి ఎవరు చూశారు? తగ్గింది మాత్రలకో, విశ్రాంతికో కూడా చెప్పలేం. నిజంగా తిరగబెడితే కొత్త లక్షణం రావడమో, పాతది పెరగడమో 24 గంటలకు మించి ఉంటుంది, అదీ ఇన్‌ఫెక్షన్ ఏదీ లేనప్పుడు. అప్పుడైనా స్టెరాయిడ్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలన్నది పరీక్షించి నిర్ణయిస్తాం.

నడక మానొద్దు. అత్తగారిని తప్పు పట్టకండి, ఒకప్పుడు డాక్టర్లే కదలొద్దనేవారు. వ్యాయామం వల్ల ఈ జబ్బు తిరగబెట్టదని ఇప్పుడు తెలుసు. మీకు వచ్చే మసక, నేను చూడకుండా చెబుతున్నాను గానీ, వేడి వల్లే కావచ్చు. పై పొర దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతాలు తడబడతాయి. 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు దీన్ని గుర్తించారు. పగలంతా కాగిన స్లాబు మీద సాయంత్రం నడిస్తే ఇంకేమవుతుంది! తెల్లవారుజామున, కింద నేల మీద నడవండి. పది నిమిషాలు నడిచి, కూర్చుని, మళ్లీ పది. మెడకు తడి తువ్వాలు చుట్టుకోండి, ముందు చల్లటి నీళ్లు తాగండి. మాటిమాటికీ బాత్రూంకి పోవాల్సి వస్తుందని చాలామంది నీళ్లు తగ్గిస్తారు. మీరూ అదే చేస్తుంటే మంటకు అదీ ఒక కారణం కావచ్చు.

కుడికాలి చెప్పు ఒకసారి తిరగేసి చూడండి. వేళ్ల దగ్గర ఎక్కువ అరిగి ఉంటే పాదం సరిగా లేవడం లేదన్నమాట. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఆసనాలూ వాళ్లు మీ కాలు చూసి చెబితేనే మంచిది. వారానికి 150 నిమిషాల కదలిక అంటాం గానీ, అది మెల్లగా చేరుకోవాల్సింది.

కూర్చున్నా చూపు తేటపడకపోయినా, కన్ను తిప్పితే నొప్పి వచ్చినా, ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ముందు ఇవాళే యూరిన్ పరీక్ష, కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) చేయించండి. యాంటీబయాటిక్ కూడా సొంతంగా మొదలుపెట్టకండి. చెన్నై డాక్టరుగారికి ఫోన్ చేసి స్టెరాయిడ్ వాడిన సంగతి దాచకుండా చెప్పండి. ఇంట్లో ఆ మాత్రలు మిగిలి ఉంటే, అప్పటిదాకా వాటిని ముట్టుకోవద్దు.