డాక్టర్ గారూ, చాయ్ మానేయాలా?

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. వయసు 61. ముషీరాబాద్‌లో ఉంటాం. డ్యూటీ రోజుల నుంచీ రోజుకు ఐదారు చాయ్‌లు అలవాటు. ఇప్పటికీ సాయంత్రమైతే స్నేహితులతో ఇరానీ హోటల్‌లో కూర్చోవలసిందే. కెఫీన్ మెల్లగా చంపే విషమని ఎక్కడో చదివి మా అమ్మాయి టీ పొడి డబ్బా దాచేసింది. సరేనని ఒక్కసారిగా మానేశాను. మర్నాటి నుంచే భరించలేని తలనొప్పి, చిరాకు, ఒళ్లు బరువు. ‘చూశావా నాన్నా, మత్తుమందు మానేసినవాళ్లకు ఇలాగే ఉంటుంది’ అంటోంది. మళ్లీ మొదలుపెట్టాను కానీ ప్రతి గుక్కకూ భయమేస్తోంది. మా ఆవిడకు కూడా టిఫిన్ కాగానే ఒక టీ, భోజనం కాగానే ఒక టీ పడాలి. ఆమెకు 56. థైరాయిడ్ ఉంది, హిమోగ్లోబిన్ 9 దాటడం లేదు. ఇద్దరం మానేయాలా?
– ఒక పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: ముందు ఆ టీ పొడి డబ్బాను తెచ్చి మళ్లీ వంటింట్లో పెట్టమని మీ అమ్మాయికి చెప్పండి. తండ్రి మీద ప్రేమతో చేసిన పనే, కాదనను. కానీ మితంగా తాగే చాయ్ గానీ కాఫీ గానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు విషం కాదు.

మితం అంటే ఎంతో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. మీరు ఉద్యోగంలో ఉండగా ‘తార్నాక, తార్నాక’ అని ఎన్ని వందల సార్లు కేకేసి ఉంటారో. అక్కడే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని అందులో ఉంది. 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటాయని లెక్క కూడా ఇచ్చింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులకు 400 వరకు ఫరవాలేదంది. నేను మన తార్నాక లెక్కనే పట్టుకుంటాను. మీరు తాగే ఆరు కప్పులూ చిక్కటివైతే 390 దాకా పోతుంది. నాలుగుకు తగ్గించుకుంటే ఎంత చిక్కగా పెట్టించుకున్నా 260 దాటదు. ఇరానీ హోటల్ కప్పు చిన్నదే కానీ ఆ డికాక్షన్ గంటల తరబడి మరిగినది కాబట్టి దాన్ని అరకప్పుగా కాకుండా ఒక కప్పుగానే లెక్కేసుకోండి.

ఇక తలనొప్పి సంగతి. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తనకోసం ఉన్న గ్రాహకాల మీద కూర్చుంటే మనకు నిద్రమత్తు వస్తుంది. కెఫీన్ దాదాపు అదే ఆకారంలో ఉండి ఆ చోటు ఆక్రమిస్తుంది. మీకు చెప్పాలా, కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టుకునేవాళ్ల సంగతి! కెఫీన్ చేసేది అదే. అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడి ఉంటుంది. రుమాలు తీయగానే అందరూ ఒక్కసారిగా కూర్చుంటారు. అందుకే చాయ్ ప్రభావం తగ్గగానే ముందుకంటే ఎక్కువ నీరసం అనిపిస్తుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో మెదడు ఈ గ్రాహకాలను పెంచుకుని సర్దుకుంటుంది. దానికి తోడు కెఫీన్ మెదడు రక్తనాళాలను కాస్త బిగిస్తుంది. హఠాత్తుగా మానేస్తే అవి వదులై తలనొప్పి వస్తుంది. సాధారణంగా ఇది 12 నుంచి 24 గంటల లోపు మొదలై, ఒకటి రెండు రోజుల్లో తీవ్రమై, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల్లోగా దానంతటదే పోతుంది. రంజాన్ మొదటి రోజుల్లో ఉపవాసం ఉండేవారిలో ఎంతోమందికి వచ్చే తలనొప్పికి ఇదీ ఒక కారణం.

మత్తుమందుతో పోలిక మాత్రం తగదు. అమెరికా మానసిక వైద్యులు 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 గ్రంథంలో కెఫీన్ మానినప్పుడు వచ్చే బాధలకు చోటిచ్చారు. కెఫీన్ వాడకాన్ని మాత్రం వ్యసన రోగాల జాబితాలో చేర్చలేదు, ఇంకా అధ్యయనం చేయాలన్నారు. మీరు తగ్గించదలచుకుంటే మూడు నాలుగు రోజులకొకసారి ఒక్కో కప్పు తగ్గించండి. హోటల్‌లో స్నేహితుడితో వన్ బై టూ చెప్పండి. ఒకటి మాత్రం మరవకండి. తలనొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. చాయ్ మానేసి ఆ మాత్రలకు అలవాటు పడినవారిని నేను నల్లకుంటలో మా క్లినిక్‌కు వచ్చేవారిలోనే చూస్తుంటాను. వాళ్లకు తలనొప్పీ పోదు, కెఫీనూ పోదు, పైగా కడుపు మంట.

మీ కప్పులో కెఫీన్ కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చక్కెర. రెండు చెంచాలు వేస్తే 8 నుంచి 10 గ్రాములు. ఐదు కప్పులకు 40 నుంచి 50. పైనుంచి వేసుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీది చాయ్‌తోనే దాదాపు రెట్టింపు అయిపోతోంది. ఉస్మానియా బిస్కెట్ల సంగతి నేను అడగడం లేదు, మీరే లెక్కేసుకోండి. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఉత్తరంలో రాయలేదు. ఈ నెలలోనే చేయించుకోండి.

సాసర్‌లో పోసుకుని తాగే అలవాటు ఉంటే మాత్రం మానకండి. మీ తరం వాళ్లు కప్పులోంచి సాసర్‌లోకి వంపి, అంచు మీద మీగడ ఒక పక్కకు జరిగేదాకా ఊది, అప్పుడు గుక్క వేస్తారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో కాఫీని క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేమని తేల్చింది. కానీ 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావడానికి అవకాశం ఎక్కువంది. పొగలు కక్కే చాయ్‌ని నిలబడి గడగడా తాగేసే కుర్రవాళ్లు ఆ సాసర్‌ను మీ దగ్గర నేర్చుకోవాలి.

మీ ఉత్తరం చదివాక నాకు బెంగ పట్టుకున్నది మీ ఆవిడ గురించి. 56 ఏళ్ల మనిషికి హిమోగ్లోబిన్ 9 అంటే తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఆడవాళ్లకు 12 ఉండాలి. నెలసరి ఆగిపోయిన వయసులో రక్తం తగ్గుతోందంటే ఎక్కడో పోతూ ఉండవచ్చు. కడుపులో పుండు, మొలలు, పేగుల్లో ఏదైనా సమస్య, ఇవి చూడాలి. థైరాయిడ్ సరిగ్గా అదుపులో లేకపోయినా రక్తహీనత వస్తుంది. కాబట్టి నెపం టీ మీదకు నెట్టి ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. మన ఆడవాళ్లు ‘ఏముందిలే, కాస్త నీరసం’ అని ఏళ్లకేళ్లు ఈడ్చుకొస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు. ఆ అంకె చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర్లో మిగిలింది తిని, ఆ వెంటనే ఒక టీ తాగేవాళ్లే ఇందులో ఎక్కువ.

ఆ చివరి టీ వల్ల జరిగేదేమిటంటే, టీలోని టానిన్ల వంటి పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, గింజల్లో ఉన్న ఇనుమును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. ఈ విషయంలో కెఫీన్ పాత్ర లేదు. అందుకే పోషకాహార సంస్థ భోజనానికి గంట ముందు, గంట తరవాత టీ కాఫీలు వద్దంటోంది. మీ ఆవిడ టీ మానక్కర్లేదు, టైము మార్చుకుంటే చాలు. పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో వేసుకోవాలి. టీతోగానీ కాఫీతోగానీ వేసుకుంటే ఆ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. గంట ఆగి టీ. ఇంకో గంటకు టిఫిన్. మధ్యాహ్నం భోజనం ఒంటిగంటకైతే రెండో టీ మూడున్నరకు. డాక్టరు ఐరన్ మాత్ర రాసిస్తే థైరాయిడ్ మాత్రకూ దానికీ నాలుగు గంటల దూరం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా మంచిది. ఒకావిడ నా ఎదుటే పర్సులోంచి ఐరన్ మాత్ర తీసి, వెంట తెచ్చుకున్న ఫ్లాస్కులోని టీతో మింగింది. ఆరు నెలలుగా అలాగే వేసుకుంటోందట. రక్తం ఎందుకు పెరగడం లేదో అని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోతున్నారట!

మీ సాయంత్రం బైఠక్ విషయం. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం ఖర్చవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. ఆరు గంటలకు తాగింది పదకొండుకు సగం మిగిలే ఉంటుంది. ‘నాకు చాయ్ తాగినా నిద్ర పడుతుంది’ అని చాలామంది అంటారు. పడుతుంది, కానీ పలచగా. మీకు రాత్రి మూడింటికి మెలకువ వచ్చే అలవాటుంటే స్నేహితుల్ని వదులుకోవద్దు, ఆ కూర్చునే టైమును నాలుగున్నరకు జరపండి. బీపీ చూపించుకునే ముందు అరగంట చాయ్ తాగకండి, కొలత ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: వయసు 27. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు. ఏడింటికి ఇంటికి వెళ్లి పడుకున్నా నిద్ర రాదు. షిఫ్టులో మూడు ఎనర్జీ డ్రింకులు, రెండు మూడు కాఫీలు తాగుతాను. నెల క్రితం సిగరెట్లు మానేశాను. అప్పటి నుంచి గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. సిగరెట్ మానడం వల్లేనా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: సిగరెట్ మానేసినందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను. దయచేసి ఆ దడ చూసి మళ్లీ ముట్టించకండి, ఎందుకంటే దాని వెనక ఒక సంగతి ఉంది. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయాన్ని ఉసిగొలిపి కెఫీన్‌ను దాదాపు రెట్టింపు వేగంతో విరిచేయిస్తాయి. పొగ మానగానే కాలేయం తన మామూలు వేగానికి వస్తుంది. మీరు తాగే కాఫీ అంతే, కానీ రక్తంలో నిలిచే కెఫీన్ మాత్రం రెట్టింపు కావచ్చు. టీ కొట్టు దగ్గర చాయ్, సిగరెట్ జంటగా అలవాటైన వాళ్లందరూ ఇది తెలుసుకోవాలి. సిగరెట్ మానేవాళ్లు అదే వారంలో కాఫీ, టీలు సగానికి తగ్గించుకోవాలి. తెలియక చాలామంది ‘మానేస్తే నాకు పడలేదు’ అని మళ్లీ పొగలోకి వెళ్లిపోతున్నారు.

ఎనర్జీ డ్రింకు 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 75 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 500 మిల్లీలీటర్లు మించి తాగవద్దని మన దేశ నిబంధనల ప్రకారం ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. మీరు మూడు తాగి, పైన కాఫీలు కలుపుతున్నారు. ముందు ఆ డబ్బాలు మానండి. షిఫ్టు మొదట్లో ఒక కాఫీ, అర్ధరాత్రి లోపు ఇంకొకటి, ఆ తరవాత మంచినీళ్లే. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక అధ్యయనం చూపింది. మీరు షిఫ్టులో అంత తాగుతూ ఏడింటికి నిద్ర రావడం లేదంటున్నారు. దడతో పాటు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే, లేదా ఇలా తగ్గించిన వారం తరవాత కూడా దడ పోకపోతే ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఐదో నెల. పొద్దున ఒక ఫిల్టర్ కాఫీ లేకపోతే నాకు రోజు గడవదు. కాఫీ తాగితే బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్తగారు తాగనివ్వడం లేదు.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుందమ్మా, కాఫీ గ్లాసులోంచి రాదు. నల్లగా పుట్టినా వచ్చే లోటు కూడా ఏమీ లేదు. ఈ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

అయితే ఆవిడ వద్దనడంలో కొంత మంచి ఉంది. గర్భంతో ఉన్నప్పుడు కాలేయం కెఫీన్‌ను చాలా నెమ్మదిగా విరుస్తుంది. మామూలుగా 5 గంటలు పట్టేది చివరి నెలల్లో 15 గంటల దాకా పట్టవచ్చు. కెఫీన్ మావిని దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డకు దాన్ని విరిచే శక్తి ఉండదు. రోజుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంచమని యూరప్ సంస్థ సలహా. 300 దాటేవాళ్లు తప్పక తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీ ఒక్క ఫిల్టర్ కాఫీ 120 లోపే. అది తాగండి. కూల్ డ్రింకులూ చాక్లెట్లూ అదే రోజు ఎక్కువగా తినకుండా చూసుకోండి, వాటిలోనూ కెఫీన్ ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఊపిరి తీయడం మరిచిపోతుంటే, ఐసీయూలో డాక్టర్లు వాళ్లకు కెఫీన్‌నే మందుగా ఇస్తారు. అక్కడ బరువుకు తగ్గట్టు లెక్కగట్టి ఇస్తారు. మీ బిడ్డకు లెక్క చూడవలసింది మీరే కాబట్టి రెండో కప్పు వద్దు. ఐరన్ మాత్రను కాఫీకి గంట ముందో రెండు గంటల తరవాతో వేసుకోండి, కాల్షియం మాత్రతో కలపకండి.