ఎసర్హద్దోనును రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నవల తొలి అధ్యాయాలు అందాయి, చదివాను. వాక్యం నీ చేతిలో ఉంది, ఆ బెంగ నాకు లేదు. క్రీ.పూ. 681 నుంచి 669 దాకా అస్సీరియాను ఏలిన ఎసర్హద్దోనును ఎంచుకున్నందుకు కూడా సంతోషం. రాసేవాళ్లందరూ అతని కొడుకు అషుర్బనిపాల్ వెంట, ఆ సింహాల వేట శిల్పాల వెంట పడతారు. తెలుగులో ఈయన పేరు తగిలేది ముఖ్యంగా బైబిల్లో, రాజుల రెండో గ్రంథం 19వ అధ్యాయం చివర. ఇతని తండ్రి సన్హెరీబును కన్నకొడుకులే గుళ్లో నరికి పారిపోయారు, ఎసర్హద్దోను రాజయ్యాడు. అంతటితో సరి.

నా పేచీ నీ రాజుతోనే. జింజిర్లి శిలాఫలకం నీకు బాగా తలకెక్కింది. 1888లో ఇప్పటి టర్కీలో బయటపడి బెర్లిన్ చేరిన రాయి అది. అందులో రాజు నిలువెత్తున ఉంటాడు, కాళ్ల దగ్గర ఇద్దరు బందీలు బొమ్మల్లా ఉంటారు. వాళ్ల పెదవులకు గుచ్చిన తాళ్లు రాజు చేతిలో. ఈజిప్టు రాజు తిర్హాకాను బాణంతో ఐదుసార్లు కొట్టాననీ, మానని గాయాలు చేశాననీ, అతని నగరం మెంఫిస్‌ను పూటలో పట్టేశాననీ శాసనం చెబుతుంది. నువ్వు 671 నాటి దండయాత్ర అధ్యాయంలో దాన్ని ఉన్నదున్నట్టు దింపేశావు. మరి తిర్హాకా దొరికాడా? లేదు. కొడుకు చిక్కాడు గానీ తండ్రి తప్పించుకున్నాడు, కొంతకాలానికి మళ్లీ మెంఫిస్ వచ్చి కూర్చున్నాడు. మన రాజుల శాసనాల్లో బిరుదుల వరస చదివి నవ్వుకున్నవాడివి, అస్సీరియా రాయి ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డావేం?

ఆ రాయిని పక్కన పెట్టి మట్టి పలకలు పట్టుకో. ఇరాక్‌లో మోసుల్ పక్కన కుయుంజిక్ దిబ్బలో, అంటే అస్సీరియా రాజధాని నీనెవె ఉన్న చోట, 1850 ప్రాంతంలో లేయార్డ్ అనే ఇంగ్లీషువాడి తవ్వకాల్లో బయటపడి బ్రిటిష్ మ్యూజియం చేరిన వాటిలో ఈ రాజుకు పండితులు, వైద్యులు, జ్యోతిష్కులు రాసిన ఉత్తరాలున్నాయి. హెల్సింకి పండితులు 1987 నుంచి వాటిని సంపుటాలుగా తెచ్చారు, ఇంగ్లీషు అనువాదంతో సహా. శాసనం జనం కోసం, దేవుడి కోసం, రాబోయే రాజుల కోసం చెక్కించింది. ఈ ఉత్తరాలు మనం చదువుతామని ఎవరూ అనుకోలేదు.

వాటిలో రాజు మూడో రోజు కూడా అన్నం ముట్టకుండా చీకట్లో పడుకుని ఉంటాడు. ఒక్కరోజు దిగులు పడితే చాలదా, తినండి, తాగండి, జబ్బు అదే పోతుంది అని ఇద్దరు పండితులు బతిమాలుతూ రాస్తారు. వైద్యుడు ఉరద్-ననయాని రాజు ఒకటే సతాయిస్తుంటాడు, నా రోగమేంటో ఎందుకు తేల్చవు, ఎందుకు నయం చెయ్యవు అని. జ్వరాలు, ఒంటిమీద పొక్కులు, కీళ్ల నొప్పులు. ఈనాటి వాళ్లు ఆ లక్షణాలు చూసి లూపస్, అంటే ఒంటి రక్షణ శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బు, కావచ్చన్నారు. నువ్వు నాలుగో అధ్యాయంలో ఆ మాట వాడావు, తీసెయ్. ఆ గదిలో ఉన్నవాళ్లెవరికీ ఆ రోగానికి పేరు తెలియదు, వాళ్ల భయమంతా అందులోనే ఉంది.

భయం అంటే గుర్తొచ్చింది, షమష్ దేవుడికి పెట్టిన ప్రశ్నలు చూశావా? గొర్రెను కోసి కాలేయం మీది గుర్తులు చూసి జవాబు తెలుసుకునేవారు. ఒక ప్రశ్నలో రాజు మీద తిరగబడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ జాబితా చదువుతారు. అధికారులు, బంధువులు, అంగరక్షకులతో మొదలై వంటవాళ్లు, మిఠాయిలు చేసేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్ల దాకా వస్తుంది. దేవుడికి ముందుజాగ్రత్తగా మనవులు కూడా ఉంటాయి. గొర్రె నుదురు ముట్టుకున్నవాడు మాసిన బట్టలతో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు స్వామీ అని! నాకు ఆ శిలాఫలకం మొత్తం కంటే ఈ మాసిన బట్టల మాట విలువైంది. తండ్రిని సొంత అన్నలు చంపితే, చలికాలంలో సైన్యాన్ని నడిపించుకొచ్చి సింహాసనం ఎక్కిన మనిషి రొట్టెలు కాల్చేవాడిని కూడా అనుమానించడంలో వింత లేదు.

అలాగని వణికే ముసలాణ్ణి చెయ్యకు. అలా చేస్తే ఇంకో రకం రాతిబొమ్మ అవుతాడు. సీదోను రాజు తల నరికించింది ఈ చేతులే. బబులోను సంగతి చూడు. సన్హెరీబు 689లో దాన్ని నేలమట్టం చేశాడు. ఎసర్హద్దోను తిరిగి కట్టించాడు. కానీ కట్టించిన శాసనాల్లో పడగొట్టినవాడి పేరు రాదు. జనం పాపాలకు మర్దూక్ దేవుడు కోపగించాడట, వరద వచ్చిందట. నాన్న ఊసే లేదు. ఆ ఊరు 70 ఏళ్లు పాడుబడి ఉండాలని దేవుడు రాసి, తర్వాత దయతలచి అంకెను తలకిందులు చేశాడట, 11 అయిందట. వాళ్ల లిపిలో నిలువు గీటుకు 60 విలువా ఉంది, 1 విలువా ఉంది. కొక్కెం లాంటి గుర్తు 10. గీటు ముందుంటే 70, కొక్కెం ముందుంటే 11. ఇంత తెలివిగా తండ్రి తప్పు దిద్దుతూ తండ్రి పేరు దాటేసినవాడు పిరికివాడు ఎలా అవుతాడు? ఈ ఘట్టం నువ్వు ఒక పేరాలో తేల్చేశావు. ఒక అధ్యాయం ఇవ్వొచ్చు.

ఇక అసలు సంగతి. నీ ప్రణాళికలో దమ్కీ లేడు.

చంద్రగ్రహణం రాజుకు చావు సూచిస్తే అస్సీరియాలో మారురాజును కూర్చోబెట్టేవారని నీకు తెలుసు. ఆ రోజుల్లో అసలు రాజుకు పండితులు రాసే ఉత్తరాలు మా ప్రభువైన రైతుకు అని మొదలవుతాయి. విధి రాజును వెతుక్కుంటూ వస్తే కనబడకూడదన్నమాట. మారురాజు గరిష్ఠంగా వంద రోజులుంటాడు, ఆ తర్వాత చంపేస్తారు, కీడు వాడితో పోతుంది. ఈజిప్టు గెలిచిన తర్వాత కొన్ని నెలలకే ఇలాంటి గ్రహణం పడింది. బబులోను దేశంలోని అక్కాదు ఊళ్లో గుడి అధికారి కొడుకైన దమ్కీని కూర్చోబెట్టారు. అంతకుముందే ఒక ప్రవక్తి నువ్వు రాజ్యమేలతావని అతనికి చెప్పిందట! బబులోను వ్యవహారాలు చూసే మార్-ఇస్సార్ రాజుకు పంపిన నివేదిక ఉంది. అస్సీరియాను, బబులోనును, అన్ని దేశాలను ఏలిన దమ్కీ తన రాణితో సహా రాజుగారి బదులు చనిపోయాడు, సమాధి కట్టాం, అలంకరించాం, ఏడ్చాం, పూడ్చాం అని. ఊళ్లో వాళ్లు బెదిరిపోయారనీ ధైర్యం చెప్పామనీ కూడా రాశాడు. పెద్దింటి కొడుకును ఎంచుకోవడంలో రాజకీయం లేదంటే నేను నమ్మను.

ఆ రాణిని చూశావా? దమ్కీకైనా పేరుంది, ఆమెకు ఆ నివేదికలో పేరు లేదు. ఏ ఇంటి పిల్లో, ఎవరు అడిగారో, ఆ బట్టలు ఎవరు కట్టారో ఏమీ లేదు. చరిత్ర ఖాళీ వదిలిన చోట నవలాకారుడికి పని దొరుకుతుంది. అక్కడ నీ ఇష్టం. కానీ గ్రహణం, పదవి, ప్రవక్తి, సమాధి లాంటి రాసి ఉన్నవాటిని మాత్రం కదపకు. సంభాషణల్లో తల్వార్లు, మహాప్రభూలు, జేజేలు కూడా తగ్గించు. అది మన పౌరాణిక నాటకం గొంతు, నీనెవెది కాదు.

670లో రాజు చాలామంది అధికారులను కత్తికి ఎర చేశాడని బబులోను వృత్తాంతం, అంటే అక్కడివాళ్లు ఏడాదివారీగా రాసిపెట్టిన చరిత్ర, ఒక్క ముక్కలో చెబుతుంది. 669లో మళ్లీ ఈజిప్టుకు బయల్దేరి దారిలో జబ్బుపడి చనిపోయాడని ఇంకో ముక్క. నీ ముగింపులో మరణశయ్య మీద చేసే ఉపన్యాసం రెండు పేజీలుంది. ఆ రెండు ముక్కల పక్కన పెట్టి చదువుకో, నీకే తెలుస్తుంది. నవల అక్కడ ఆపాల్సిన పని కూడా లేదు. అతని తల్లి నకియా ఇంకా బతికే ఉంది. కొడుకు పోయాక మనవడు అషుర్బనిపాల్ మీద కుట్ర చెయ్యబోమని మిగతా మనవళ్ల చేత, పెద్దల చేత ప్రమాణం చేయించింది ఆవిడే. ఆ ఒప్పందం పలక మీద ఉంది. నేనైతే చివరి అధ్యాయం ఆవిడకిస్తాను.

ముందు ఆ పేరులేని రాణి అధ్యాయం రాసి పంపు. దండయాత్రలు తర్వాత చూద్దాం.

నీ
అన్నయ్య