కౌబాయ్స్ లాగా నేనూ బాకీలు 'రీస్ట్రక్చర్' చేసుకోవచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, ఇంట్లో నాదొక్కటే జీతం, హెచ్1బీ మీద ఉన్నాను. కారు లోను 28 వేల డాలర్లు ఉంది. వడ్డీ 6 శాతం, ఇంకా మూడేళ్లు కట్టాలి. క్రెడిట్ కార్డుల బాకీ 17 వేలు, దానికి 22 శాతం వడ్డీ. అదీ మూడేళ్లలో తీరేలా కడుతున్నాను. 2025 మార్చిలో మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్, తన ముఖ్య ఆటగాడు డాక్ ప్రెస్కాట్ కాంట్రాక్టును రీస్ట్రక్చర్ చేసి, ఆటగాళ్ల ఖర్చుకు లీగు పెట్టిన పరిమితిలో, అంటే క్యాప్‌లో, 3.66 కోట్ల డాలర్లు మిగుల్చుకుంది. అతనికి రావలసిన జీతం ఒక్క డాలరు కూడా తగ్గలేదు. నేనూ అలాగే ఇంటి మీద 45 వేల హోమ్ ఈక్విటీ లోను 8.5 శాతానికి, 15 ఏళ్లకు తీసుకుని రెండు బాకీలూ తీర్చేస్తే నెలకు వెయ్యి డాలర్లకు పైగా మిగులుతుంది. దాంతో హైదరాబాద్ దగ్గర ప్లాటు వాయిదాలు కడదామని ఆలోచన. వచ్చే మూడేళ్లలో చేతికొచ్చే ఆర్ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) కూడా ఉన్నాయి. ఇది సరైన పనేనా?

జవాబు: కార్డుల బాకీ వరకు మార్చుకోండి, అదీ మూడేళ్ల గడువుకే. కారు లోను జోలికి వెళ్లకండి. ప్లాటు ఇప్పుడు వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ప్రెస్కాట్ కాంట్రాక్టులోనే ఉంది. మీరు అందులో సగమే చూశారు. మిగతా సగం చూస్తే మీ ఆలోచన దానికి సరిగ్గా తలకిందులుగా ఉందని మీకే తెలుస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద ఏడాదికి ఎంత ఖర్చు రాసుకోవచ్చో లీగు ముందే చెబుతుంది. 1994లో మొదలైనప్పుడు ఈ పరిమితి 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్లు. జరిమానా కట్టి దాటే వీలు ఇందులో లేదు. లెక్క సరిపోకపోతే కొత్త కాంట్రాక్టును లీగు ఆమోదించదు. ఒక ఏడాది వాడుకోకుండా మిగిల్చిన మొత్తాన్ని మాత్రం మరుసటి ఏడాదికి తీసుకెళ్లవచ్చు.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. క్యాప్ అనేది పుస్తకంలో రాసే లెక్క. నగదు వేరు. ఆటగాడి మామూలు జీతం ఏ ఏడాది ఇస్తే ఆ ఏడాది లెక్కలోకే పూర్తిగా వస్తుంది. సంతకం బోనస్ అలా కాదు. డబ్బు ముందే చేతికి ఇచ్చేసినా, దాన్ని కాంట్రాక్టు కాలం మీద గరిష్ఠంగా ఐదేళ్లకు సమానంగా పంచి రాసుకోవచ్చు. టీమ్‌ల ఆర్థిక విద్య చాలావరకు ఈ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది.

2024 సెప్టెంబర్‌లో, సీజన్ మొదటి మ్యాచ్ ఆడబోయే రోజునే, ప్రెస్కాట్ నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల పొడిగింపు మీద సంతకం చేశాడు. అందులో 8 కోట్లు సంతకం బోనస్. మరుసటి మార్చిలో టీమ్ అతని 2025 జీతంలోంచి సుమారు 4.57 కోట్లు తీసి, దానికి 'బోనస్' అని పేరు మార్చింది. పేరు మారింది కాబట్టి అది ఐదు ముక్కలైంది. 2025 లెక్కలోకి 91 లక్షల చిల్లర మాత్రమే వచ్చింది, మిగిలిన నాలుగు ముక్కలూ తర్వాతి ఏళ్ల మీదికి పోయాయి. మీరు చెప్పిన 3.66 కోట్లు అవే. ఇంకో విశేషం చూడండి. కాంట్రాక్టు 2028తో అయిపోతుంది, అంటే ఉన్నవి నాలుగేళ్లే. ఐదో ముక్క పెట్టుకోవడానికి 'వాయిడ్ ఇయర్' అని కాగితం మీద మాత్రమే ఉండే ఏడాదిని చేరుస్తారు. ఆ ఏడాది ఆటగాడు ఆడడు, అతని ఖర్చు మాత్రం కనిపిస్తుంది.

ఇప్పుడు నగదు ఎటు పోయిందో గమనించండి. మామూలుగా అయితే ఆ జీతం సెప్టెంబర్ నుంచి వారం వారం అందేది. పేరు మార్చినందువల్ల ప్రెస్కాట్‌కు ముందే దక్కే సొమ్మయింది. కౌబాయ్స్ డబ్బు ముందు ఇచ్చి, లెక్క తర్వాతి ఏళ్లలో రాసుకున్నారు. ఆ వాయిదాకు లీగు ఒక్క సెంటు కూడా వడ్డీ వేయదు. మీరు చేయాలనుకుంటున్నది లెక్క ఈ రోజే ముగిసినట్టు చూసుకుని, డబ్బు పదిహేనేళ్ల పాటు వడ్డీతో కట్టడం. 'రీస్ట్రక్చర్' అనే మాట రెండింటికీ వాడతారు కానీ రెండూ ఒకటి కావు.

వడ్డీ లేకపోవడం ఒక్కటే కాదు, టీమ్‌లకు ఇంకో బలం ఉంది. పరిమితి ఏటా పెరుగుతుందన్న నమ్మకం. 2013లో 12.3 కోట్లు ఉన్న క్యాప్ 2023కి 22.48 కోట్లయింది. 2021లో కుదిరిన టీవీ ఒప్పందాల విలువ పదకొండేళ్లకు సుమారు 11,000 కోట్ల డాలర్లు. ఆటగాళ్ల వాటా ఆ ఆదాయంలో దాదాపు సగం. అంటే 2023లో 22 కోట్లలో బరువుగా కనిపించిన కోటి, రెండేళ్లకే దాదాపు 28 కోట్లలో తేలికైపోయింది. రేపటి ఆదాయం ముందే సంతకాలతో ఖాయమైన చోట ఖర్చు ముందుకు నెట్టడం తెలివైన పనే. నేను ఆ జట్లలో ఉన్నా అదే చేస్తాను.

అయినా ఒక ఏడాది దెబ్బ తగిలింది. కోవిడ్ సీజన్లో స్టేడియాలు ఖాళీగా ఉండటంతో 2020లో 19.82 కోట్లున్న క్యాప్ 2021లో 18.25 కోట్లకు పడిపోయింది. 'వచ్చే ఏడాది పెరుగుతుందిలే' అని బరువులు ముందుకు నెట్టినవాళ్లందరికీ అవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ పరిస్థితి అందరికంటే కష్టమైంది. వాళ్ల ముఖ్య ఆటగాడు డ్రూ బ్రీస్ ఆ మార్చిలో ఆట మానేసినా అతని పేరున రెండు కోట్ల డాలర్లకు పైగా రెండేళ్ల లెక్కల్లో మిగిలింది. ఆ తర్వాత కూడా ఆ జట్టు అలవాటు మానలేదు. ప్రతి మార్చిలోనూ జీతాలకు బోనస్ అని పేరు మార్చి గట్టెక్కడం, ఆ బరువును మరుసటి మార్చికి వదలడం. 2025 మార్చిలో డెరెక్ కార్ అనే ఆటగాడి కాంట్రాక్టును అలాగే మార్చారు. మే నెలలో అతను భుజం గాయంతో రిటైరయ్యాడు. 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు సీజన్లు వాళ్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) చేరలేదు.

మీరు తప్పక తెలుసుకోవలసిన మాట 'డెడ్ మనీ'. ఆటగాడికి బోనస్ ఇచ్చేసి, లెక్కలో ఇంకా రాయని ముక్కలు మిగిలి ఉండగానే అతన్ని వదిలించుకుంటే, ఆ ముక్కలన్నీ ఒక్కసారిగా లెక్కలోకి వచ్చి పడతాయి. జూన్ 1 తర్వాత వదిలినట్టు చూపిస్తే రెండేళ్లకు విడగొట్టుకోవచ్చు, అంతే. డెన్వర్ బ్రాంకోస్ కథ దీనికి చెరగని ఉదాహరణ. 2022లో రసెల్ విల్సన్‌ను సియాటిల్ నుంచి తెచ్చుకుని, తమకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే ఐదేళ్లకు 24 కోట్లు దాటిన పొడిగింపు ఇచ్చారు. రెండు సీజన్లలో అతను ఆడిన 30 మ్యాచ్‌ల్లో గెలిచినవి 11. 2024 మార్చిలో వదిలేశారు. లెక్కలో మిగిలిన డెడ్ మనీ 8.5 కోట్ల డాలర్లు, అప్పటికి లీగు చరిత్రలోనే అత్యధికం. 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లుగా పంచుకున్నారు. అంటే 2024 క్యాప్‌లో అయిదో వంతుకు పైగా, తమకు ఆడని మనిషి పేరున పోయింది. విల్సన్ ఆ ఏడాది పిట్స్‌బర్గ్‌కు సుమారు 12 లక్షల కనీస జీతానికి ఆడాడు. వదిలేసినా ఇవ్వక తప్పని గ్యారంటీ సొమ్ములో మిగతాది డెన్వరే కట్టింది.

అంత బరువుతోనూ డెన్వర్ ఆ సీజన్ ప్లేఆఫ్స్ చేరింది. క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడి) స్థానంలో బో నిక్స్ అనే కొత్త కుర్రాడు తక్కువ జీతానికి ఆడటం ఇందుకు పెద్ద కారణం. 2011 నుంచి కొత్తగా చేరేవాళ్ల జీతాలకు పట్టిక ఉంది. 2010లో డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే కార్యక్రమంలో) మొదటివాడైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్లు రాసిస్తే, మరుసటి ఏడాది మొదటివాడు కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లే వచ్చింది. ఒకచోట చవక ఖర్చు ఉంటేనే ఇంకోచోట తప్పును మోయగలరు. ఒక్క జీతం మీద నడిచే మీ ఇంట్లో అలా మోయడానికి రెండోది లేదు.

అలాగని పనిముట్టుదే తప్పనడం న్యాయం కాదు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ కూడా ఇవే వాయిడ్ ఇయర్లు, ఇవే బోనస్‌లు విరివిగా వాడుతుంది, 2025 ఫిబ్రవరిలో లీగు ఫైనల్ సూపర్ బౌల్ గెలిచింది. వాళ్లు ఎక్కువగా వయసులో ఉన్న మంచి ఆటగాళ్లకు, ధర పెరగకముందే ఇలాంటి కాంట్రాక్టులు రాస్తారు. మున్ముందు పనికొచ్చే దాని కోసం నెట్టిన ఖర్చు అది. మీ కార్డుల బాకీ ఎప్పుడో వాడేసిన వస్తువులది, కారు ఏటా విలువ తగ్గేది. ఆ రెంటినీ పదిహేనేళ్లు లాగితే, కారు అమ్మేసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి దాని అప్పే కడుతుంటారు. మీ ఇంట్లో డెడ్ మనీ అదే.

ఇక మీ అంకెలు. ఇప్పుడు కారుకు నెలకు 852, కార్డులకు 649, మొత్తం సుమారు 1,500 డాలర్లు పోతోంది. మూడేళ్లలో అంతా తీరిపోతుంది, ఈ మూడేళ్లలో మీరు కట్టే వడ్డీ సుమారు 9 వేలు. మీ పథకంలో నెలకు 443 డాలర్లే. కానీ పదిహేనేళ్లలో కట్టే వడ్డీ 34,700 దాటుతుంది. నెలకు మిగిలే వెయ్యి మిగులు కాదు, ఆ పాతిక వేల అదనపు వడ్డీకి కొనుక్కున్నది. పైగా 6 శాతం ఉన్న కారు లోనును 8.5 శాతంలోకి మార్చడం అడుగు వెనక్కి వేయడమే.

కార్డుల సంగతి వేరు. ఆ 17 వేలను మాత్రమే 8.5 శాతానికి మూడేళ్ల గడువుతో మార్చుకుంటే నెలకు 537 డాలర్లు, మొత్తం వడ్డీ 6,400 నుంచి 2,300కి దిగుతుంది. లోను తీసుకునేటప్పుడు అయ్యే క్లోజింగ్ ఖర్చులు పోను కూడా మంచి లాభమే. అయితే హోమ్ ఈక్విటీ లోను తీసుకునే ముందు మీ క్రెడిట్ యూనియన్లో పర్సనల్ లోను ఎంతకు వస్తుందో అడగండి. రెండు మూడు శాతం ఎక్కువైనా నేను అదే తీసుకోమంటాను. కార్డు బాకీ కట్టలేకపోతే మీ క్రెడిట్ స్కోరు పోతుంది, అదే బాకీని ఇంటి మీదికి తెచ్చి కట్టలేకపోతే ఇల్లే పోతుంది. ఇంకొకటి, టెక్సస్ చట్టం ప్రకారం ఒక ఇంటి మీద ఒకసారికి ఒక్క హోమ్ ఈక్విటీ లోనే ఉండాలి, ఇంటి మీద మొత్తం అప్పు విలువలో 80 శాతం దాటకూడదు. ఆ అవకాశాన్ని కార్డుల కోసం వాడేస్తే, రేపు నిజమైన ఆపద వస్తే అది మీకు అందుబాటులో ఉండదు.

హెచ్1బీ మీద ఉన్నవారికి ఆపద అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే చట్టం ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 2021లో క్యాప్ 8 శాతం తగ్గితేనే అంత పెద్ద జట్లు తల్లడిల్లాయి. మీ ఇంటి క్యాప్ తగ్గితే ఒక్కరోజులో సున్నా అవుతుంది. అందుకే కార్డుల వడ్డీ తగ్గించుకున్నాక నెలకు మిగిలే వంద చిల్లరను ముందు ఎమర్జెన్సీ ఫండ్‌లో వేయండి. ఆరు నెలల ఖర్చు అందులో ఉండేదాకా ఇంకే వాయిదాకూ ఒప్పుకోవద్దు.

ఆర్ఎస్‌యూల విషయంలో కూడా ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల ఏజెంట్ల పద్ధతే పాటించండి. పేపర్లో వచ్చే పెద్ద అంకెను వాళ్లు నమ్మరు, గ్యారంటీ ఎంత అనే చూస్తారు. 2020లో పాట్రిక్ మహోమ్స్‌కు పదేళ్లకు 45 కోట్లని ప్రపంచమంతా చెప్పుకుంది. సంతకం రోజున పూర్తిగా గ్యారంటీ అయింది సుమారు 6.3 కోట్లు. డెషాన్ వాట్సన్‌కు క్లీవ్‌లాండ్ 2022లో ఇచ్చిన 23 కోట్లు మొత్తం గ్యారంటీ కావడం వల్లే అది అంత సంచలనమైంది. మీ వెస్ట్ కాని (ఇంకా మీ సొంతం కాని) షేర్లు గ్యారంటీ లేని జీతం లాంటివి. కంపెనీ మారినా, లేఆఫ్ అయినా సాధారణంగా అవి పోతాయి. వెస్ట్ అయిన రోజున కూడా జీతం మీద పడినట్టే వాటి మీద పన్ను పడుతుంది. ప్లాను వేసేటప్పుడు వాటిని సున్నాగా రాసుకోండి. వచ్చినప్పుడు, పన్ను పోను మిగిలింది కార్డుల అసలుకు కట్టండి. అలా చేస్తే మూడేళ్ల లోపే మీరు బయటపడతారు.

ప్లాటు మీద మీ మనసు నాకు అర్థమవుతోంది. సొంత ఊరి వైపు నాలుగు గజాల నేల ఉండాలని అనుకోని ప్రవాసి లేడు. మూడేళ్ల తర్వాత కారు, కార్డులు రెండూ తీరాక నెలకు దాదాపు 1,400 డాలర్లు నిజంగా మీ చేతిలో మిగులుతాయి. అప్పుడు కొనండి. అప్పటికీ ఒక జాగ్రత్త అవసరం. ఫామ్ ల్యాండ్, ఫామ్ హౌస్ ప్లాట్లు అని ఎన్ఆర్ఐలకు చూపే బ్రోచర్లలో చాలావాటిది సాగుభూమే. విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ఎన్ఆర్ఐ సాగుభూమి, తోట, ఫామ్ హౌస్ కొనకూడదు, ఇంటి స్థలం కొనవచ్చు. లేఅవుట్‌కు హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి, తెలంగాణ రెరా నంబరు ఉన్నాయా అని చూసి, భూమి వినియోగ మార్పిడి కాగితం తెప్పించుకుని, అమ్మేవారితో సంబంధం లేని లాయరుకు చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి.