క్రీములు, సెంట్లు, వ్యాయామం సామాన్లు... కొత్తగా వచ్చినవాటిలో ఆడవాళ్ళు ఏది కొంటే డబ్బు దండగవదు?

అడిగినావిడ మా విజయనగరంలోనే ఉంటారట, ముప్పై దాటాయట, రెండు వేలు పక్కన పెట్టుకున్నారట. ముఖానికి రాసుకునే సీరమ్ కొనాలా, మంచి సెంటు కొనాలా, చేతికి స్మార్ట్ వాచీ కొనాలా అని సందేహం. నా జవాబు: ముందు స్పోర్ట్స్ బ్రా, అంటే నడిచినా గెంతినా రొమ్ములు ఊగకుండా పట్టి ఉంచేది, కొనండి. మిగతావి తర్వాత చూద్దాం.

గంటస్తంభం దగ్గర సందులో మాకు లేడీస్ ఫ్యాన్సీ షాపు ఉంది. మా అత్తగారి హయాంలో గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు అమ్మేవారు. ఇప్పుడు సీరమ్‌లు, షీట్ మాస్కులు, సన్‌స్క్రీన్లు. అమ్ముకునేదాన్ని కాబట్టి నా మాటకి కొంత తరుగు తీసేసి చదువుకోండి. కాకపోతే ఏ సరుకు కోసం మనిషి మళ్ళీ వస్తుందో, ఏది ఒక్కసారి కొని అల్మరాలో పారేస్తుందో కౌంటరు దగ్గర కూర్చున్నదానికే తెలుస్తుంది.

పోయినేడు సిరిమానోత్సవం ముందు మాట. షాపు కిటకిటలాడుతోంది. గాజులకొచ్చినవాళ్ళు, పిన్నులకొచ్చినవాళ్ళు, పెళ్ళాం చీర రంగుకి బొట్టుబిళ్ళలు కలపలేక కార్డు పట్టుకుని నిలబడిపోయిన ఒకాయన. ఆ గుంపులోంచి ఒక పిల్ల తోసుకుని ముందుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. పొట్టిగా, దిట్టంగా ఉంది. అరచేతులు కాయలు కాసిపోయి ఉన్నాయి, బొటనవేళ్ళకి తెల్లటి టేపు చుట్టి ఉంది. వెనకాలే వాళ్ళమ్మ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి వచ్చారని తర్వాత మాటల్లో తెలిసింది.

"అక్కా, స్పోర్ట్స్ బ్రా ఉన్నాదా? గట్టి సపోర్టుది కావాల" అంది, సబ్బు అడిగినంత మామూలుగా. షాపంతా గప్‌చుప్. బొట్టుబిళ్ళలాయన కార్డులోకి తల దూర్చేశాడు. వాళ్ళమ్మ మోచెయ్యి పట్టుకుని లాగి, "ఒలే, మెల్లగా అడగలేవేటి? మగోళ్ళున్నారు" అని గొణిగింది.

రెండు రకాలు తీసి ముందు పెట్టాను. పిల్ల రంగు చూడలేదు, డిజైను చూడలేదు. కింద పట్టీని రెండు బొటనవేళ్ళతో సాగదీసి టప్పుమని వదిలింది. తిరగేసి లోపలి కుట్టు మీద వేలు నడిపించింది. "ఇది ఒరుసుకుంటాదక్కా" అని ఒకటి పక్కకి తోసేసింది. రెండోది పట్టుకుని, మేం ట్రయల్ రూము అని చెప్పుకునే పరదా వెనక్కి వెళ్ళి వేసుకుని, పైన టీషర్టు లాక్కుంటూ వచ్చింది. వచ్చి కౌంటరు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ ఒక్క ఊపున నెత్తి మీదికి లేపింది. నాకు పై ఫ్యాను గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. చేతులు అలాగే నిలబెట్టి కిందికి కూర్చుంది, లేచింది, టీషర్టు మీంచే పట్టీ తడిమి చూసుకుంది. "పైకి పాకనేదు. ఇవే రెండియ్యక్కా."

"ఓలమ్మో, నడిబజార్లో ఏటీ ఇకారాలు" అని తల్లి నెత్తి కొట్టుకుంది. అయినా డబ్బు తీసింది ఆవిడే. ధర విని "దీనికింతా!" అంది, నోట్లు మాత్రం తడుముకోకుండా లెక్కపెట్టింది. పిల్ల మెట్లు దిగాక నా దగ్గరికి వంగి, "నాలాటోళ్ళకీ ఉంటాయేటమ్మా? పొద్దున్నే గట్టుమీద జోరుగా నడిత్తే రొమ్ములు నొప్పెడతన్నాయి" అని అడిగింది. మెత్తటిది ఒకటి చూసి ఇచ్చాను. దాన్ని మాత్రం సంచీ అడుగున, పసుపు పొట్లం కింద పెట్టుకుంది.

అందుకే ఈ వస్తువు ముందు అంటున్నాను. రొమ్ములో కండరం ఉండదు, దాన్ని పట్టి ఉంచేవి లోపలున్న సన్నటి బంధనాలు, పైన చర్మం, అంతే. జోరుగా నడిచినా గెంతినా ఆ ఊపంతా వాటి మీదే పడుతుంది. మామూలు బ్రాలో భుజం పట్టీలు బిగిస్తే సరిపోతుందనుకుంటారు. కాదు, బరువులో ఎక్కువ భాగం మొయ్యాల్సింది కింద చుట్టూ తిరిగే పట్టీ. రెండు వేళ్ళు దూరాలి, చేతులెత్తితే కదలకూడదు. నిండుగా ఉన్నవాళ్ళు గట్టిగా అదిమిపెట్టే రకం కాకుండా, రెండు వైపులా విడివిడిగా కప్పులున్నది తీసుకోండి. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వెయ్యకండి, ఎండలో కాకుండా నీడలో ఆరెయ్యండి, లేకపోతే సాగుడు చచ్చిపోతుంది.

కొత్తవి అడిగితే పాతది చెప్తోందేమిటి అనుకుంటారేమో. నిజమే, ఇది 1977 నాటిది. అమెరికాలో ముగ్గురు ఆడవాళ్ళు, మగ ఆటగాళ్ళు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు కలిపి కుట్టి మొదటిది తయారుచేశారు. అది మన పక్కకి ఇంకా సరిగ్గా రాలేదు కాబట్టి మనకి కొత్తదే!

ఇంకెక్కడైనా అయితే సరే అనుకుందును. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి మొట్టమొదట వచ్చిన 2000 సిడ్నీలో, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ శ్రీకాకుళం మనిషి. కొండవెలగాడ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల్లో కంచు గెలిస్తే, మొదటొచ్చినామె డోపింగులో పట్టుబడ్డాక అది వెండి అయింది. ఇలాంటి గడ్డమీద కూడా బ్రా అడిగితే పేపర్లో చుట్టి, దాని మీద నల్ల కవరు వేసి, దొంగసొమ్ములా చేతిలో పెడతారు. కొలత అడగరు, "మీడియమా, లార్జా" అంటారు. అమ్మేవాడు మగాడైతే కళ్ళెత్తడు, కొనేది నోరెత్తదు. ఇంటికెళ్ళాక సరిపోకపోతే, లోదుస్తులు వాపసు లేవని బోర్డు ఉండనే ఉంటుంది.

సరే, మీరడిగినవి. సీరమ్ పిచ్చి మన ఉక్కకి పనికిరాదు. ఎక్కడో చలి ఊళ్ళో కూర్చుని వీడియో తీసిన అమ్మాయి టోనరంటుంది, ఎసెన్సంటుంది, సీరమంటుంది, మీద క్రీమంటుంది. మే నెలలో అవన్నీ రాసుకుని కోట నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచి చూడండి, చేరేసరికి అన్నీ మెడ మీదికి దిగుతాయి. విటమిన్ సి సీరమ్‌కి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. మనవాళ్ళు దాన్ని కిటికీ గట్టు మీదే పెడతారు, అది గోధుమరంగుకి తిరిగాక సీసా తెచ్చి నామీద కేకలేస్తారు. ఏదో ఒకటి రాయకపోతే తోచదు అంటే నియాసినమైడ్ తీసుకోండి, అది బి3 విటమినే, మన ఎండలకి అంత తొందరగా చెడదు.

సన్‌స్క్రీన్ మాత్రం కొనాల్సిందే. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. అది 50 ఉన్నదాని కోసం ఎక్కువ పోయక్కర్లేదు. 30 సుమారు 97 శాతం ఆపితే 50 సుమారు 98 ఆపుతుంది, అదీ చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల లెక్క. చర్మంలో ఇంకా లోతుకి దిగే యూవీఏ కిరణాల కోసం పక్కన పీఏ అని ఉండి, దాని వెనక ప్లస్సులు ఎన్నున్నాయో చూడండి. యూవీఏ బస్సు అద్దంలోంచి కూడా లోపలికొస్తుంది మరి. జెల్ రకం తీసుకోండి. రెండు వేళ్ళ పొడుగునా పిండి ముఖానికి, మెడకి రాయండి. శనగగింజంత రాసుకుని పనిచెయ్యలేదనే వాళ్ళతో నేను వాదించను.

తెల్లబడే ట్యూబులు అడక్కండి. మూడు రోజుల్లో మెరుపు వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానపడాలి. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అన్న పేర్లుంటే అది మందు, డాక్టరు రాసిస్తే తప్ప ముఖం మీదికి రాకూడదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇలాంటి వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఏ పేరూ లేకుండా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు కూడా లేకుండా వచ్చే డబ్బీలైతే ఇంకా భయం. అలాంటివి బ్యాగులో వేసుకుని నెలకోసారి తిరిగే సేల్స్‌మన్ ఒకడున్నాడు. మా మెట్లు ఎక్కనివ్వను.

సెంటు విషయంలో మీకో రహస్యం చెప్తాను. బాడీ స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాలు, గ్యాసు. చెమట పట్టేలోగా ఎగిరిపోతుంది. ఓ డి పర్ఫ్యూమ్ అని రాసి ఉన్నది, సువాసన నూనె పాలు ఎక్కువ కాబట్టి కాసేపు నిలుస్తుంది. చిన్న సీసా కొనండి, బాత్రూములో పెట్టకండి, పట్టుచీర మీద కొట్టకండి. నన్నడిగితే ఇవేవీ కాదు, అత్తరు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో వచ్చే గంజాం జిల్లా మొగలి అత్తరుకి పేరుమోసింది, అక్కడి మొగలి పువ్వుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటిదేనని చెప్పే ముద్ర, కూడా ఉంది. రాగి డేగిసాల్లో పువ్వు ఉడికించి, ఆవిరిని చందనం నూనెలోకి దింపుతారు. మొగలిలో మగ చెట్టు పువ్వుకే ఆ ఘుమఘుమ. నూనె కాబట్టి మన ఉక్కలో ఒంటిని పట్టుకుని ఉంటుంది. చెవి వెనక ఒక్క చుక్క, అంతే, రెండు వేస్తే పక్కనున్నవాళ్ళకి తలనొప్పి.

ఇంక వాచీ. వద్దు. రోజుకి పదివేల అడుగులు అన్న లెక్క ఏ డాక్టరూ పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోడానికి దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టారు, అదే ఊరూరా పాకింది. అంతకన్నా తక్కువ నడిచినా మేలుందని తర్వాత పరిశోధనలు చెప్పాయి. అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్నే నాలుగు చుట్లు తిరగండి, హవాయి చెప్పులతో మాత్రం కాదు. అడుగులు మీ ఫోనే లెక్కపెడుతుంది, ఒంటిమీద ఉంటే చాలు. ఉండటానికి మన చుడీదార్లకి జేబులుండవు, అది ఇంకో ఏడుపు. మీ టైలర్‌కి చెప్పి పక్క కుట్టులో ఒకటి పెట్టించుకోండి. ఫోను పట్టేంత లోతు కావాలని ముందే చెప్పండి, లేకపోతే రుమాలు పట్టేంత పెట్టి ఊరుకుంటారు.