చెట్టు చుట్టూ తిరిగి తీసే ఫొటో

ప్రశ్న: ఒకటే చెట్టు, కానీ కొమ్మలన్నీ గిర్రున తిరుగుతున్నట్టు, కుంచెతో రంగులద్దినట్టు ఉన్న ఫొటోలు చూశాను. మా కాలేజీలోని వేపచెట్టును అలా తీయాలని ఉంది. ఇది ఏఐ పనా? ఏదైనా యాప్ ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఏఐ కాదండీ, పూర్తిగా చేతిపనే. స్పెయిన్‌లోని కాటలోనియాకు చెందిన ఫొటోగ్రాఫర్ పెప్ వెంతోసా ఈ తరహా ఫొటోలకు బాగా పేరు పొందారు. చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ పదుల కొద్దీ ఫొటోలు తీసి, వాటిని పలచగా ఒకదానిపై ఒకటి పరుస్తారు. యాప్‌లో ఫిల్టర్ వేస్తే ఏ ఊరి చెట్టయినా ఒకేలా కనిపిస్తుంది. ఇలా తీస్తే మీ వేపచెట్టు వంపు, వెనకున్న గోడ, పక్కన ఆపిన సైకిళ్లు అన్నీ అందులో కలుస్తాయి. అందుకే నాకు ఈ పద్ధతంటే ఇష్టం.

కెమెరాలో గ్రిడ్ ఆన్ చేయండి. ప్రతి ఫొటోలోనూ చెట్టు మొదలు నిలువు గీతల మధ్యలో, అది నేలను తాకే చోటు కింది అడ్డగీత మీద ఉండాలి. మొదలు కుదురుగా ఉంటేనే కొమ్మల తిరుగుడుకు అందం. ఒకే దూరంలో నడుస్తూ ఇరవై తీస్తే చాలు. మన ఎండలో ఒకవైపు ఆకులు మెరుస్తాయి, ఎదురెండలోకి వచ్చేసరికి చెట్టు నల్లటి ముద్దయిపోతుంది. కాబట్టి పొద్దు పొడవకముందో, మబ్బు పట్టిన రోజో వెళ్లండి.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుతో మాత్రం మొదలుపెట్టకండి. ఎకరాల కొద్దీ ఊడలతో పరుచుకున్న ఆ మానులో గురిపెట్టడానికి ఒక్క మొదలంటూ దొరకదు.

ఇక కలపడం. కంప్యూటర్‌లో ఫొటోలను ఎడిట్ చేసే గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫొటోలన్నీ లేయర్లుగా, అంటే ఒకదానిపై ఒకటి పొరలుగా తెరిచి, అన్నిటికంటే కింది దానికి ఒపాసిటీ (పొర ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే శాతం) 100, దానిపైది 50, ఆపైన 33, 25, 20... ఇలా తగ్గించుకుంటూ పోండి. ఇరవయ్యో లేయర్‌కు 5 వస్తుంది. అంటే 100ను లేయర్ వరుస సంఖ్యతో భాగించడమే. చాలామంది అన్నిటికీ 50 పెట్టేసి, పైనున్న రెండు మూడు ఫొటోలే కనిపిస్తున్నాయని టెన్షన్ పడతారు. సన్నటి రెమ్మలు ఆకాశంలో కలిసిపోతుంటే పైనున్న కొన్ని లేయర్లను ముదురు భాగాలనే నిలిపే ‘డార్కెన్’ మోడ్‌కు మార్చి చూడండి. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే అయితే ముందే ఫొటోల వెడల్పు 3000 పిక్సెళ్లకు తగ్గించుకోండి. ఫోన్‌లోనే కానివ్వాలంటే స్నాప్‌సీడ్‌లో ‘డబుల్ ఎక్స్‌పోజర్’ ఉంది కానీ, ఒక్కో ఫొటో జోడించుకుంటూ పోవాలి. ఓపిక కావాలి.

ప్రశ్న: మధ్యాహ్నం కొండారెడ్డి బురుజు స్పష్టంగా, ముందు ట్రాఫిక్ పొగలా రావాలని ప్రో మోడ్‌లో షట్టర్ అర సెకను పెట్టాను. ఫొటో తెల్లగా వస్తోంది. ఫోన్ పాడైందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఫోన్ బాగానే ఉంది. చాలా ఫోన్లలో అపర్చర్, అంటే లెన్స్‌లోకి వెలుతురు వచ్చే రంధ్రం, మార్చడానికి వీలుండదు. ఎండలో షట్టర్ సెకనులో కొన్ని వేలవంతు తెరుచుకుంటేనే సరిపోతుంది, మీరు అర సెకను తెరిచారు. వెలుతురు తగ్గించడానికి లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం, ఎన్‌డీ ఫిల్టర్, కొనవచ్చు. నన్నడిగితే ఆ ఖర్చు అక్కర్లేదు, పైన చెప్పిన లేయర్ల లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. చెట్టు దగ్గర మనం కదలాలి, బురుజు దగ్గర కదలకూడదు, అంతే తేడా. ఫోన్‌ను ట్రైపాడ్‌కు బిగించి, తెరపై వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేసి మామూలుగానే ఇరవై ముప్పై ఫొటోలు తీయండి. వాటిని కలిపితే, కదిలే బండ్లు ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉంటాయి కాబట్టి పొగలా పలచబడతాయి. ఆగి ఉన్న ఆటో అయితే అన్నిటిలోనూ పడి, అలాగే నిలిచిపోతుంది. అది కదిలాకే మొదలుపెట్టండి.