నాలుగింటి ఎండకు తడిక

ఇల్లూ వాకిలీ: మీ ప్రశ్న, బాబాయి జవాబు

ప్రశ్న: బాబాయి గారూ, మాది విశాఖలోని ఎండాడ. ఇల్లు తూర్పు ముఖం. వెనక పెరట్లో 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాం. పక్కనే చెక్కపలకల డెక్, చుట్టూ నల్ల కడప రాయి. ఫొటోలో చూస్తే ముచ్చటేస్తుంది గానీ సాయంత్రం ఆరు దాకా అక్కడ కాలు పెట్టలేం. పిల్లలు చెప్పులతోనే పరిగెత్తుకెళ్ళి అంచున వదిలేసి దూకుతున్నారు. మా అత్తగారేమో ‘ఆ గుంట పూడ్చేసి ఆనపపాదు పెట్టండి, కూరైనా వస్తుంది’ అంటున్నారు. పెద్ద గొడుగు, సోఫా సెట్టు, దీపాల దండలు కొందామని మావారి పట్టు. చేతిలో 30 వేలకు మించి లేవు. ఏం కొనమంటారు?
– ఓ పాఠకురాలు, ఎండాడ

జవాబు: అమ్మా, ఈ ఆదివారం ఏమీ కొనకండి. పిల్లల దగ్గర సుద్దముక్క ఒకటి తీసుకుని నాలుగింటికి పెరట్లోకి వెళ్ళండి. మీవారిని పడమటి గోడ దగ్గర వెదురుకర్ర నిలువుగా పట్టుకుని నిలబడమనండి. కర్ర నీడ ఎంతవరకు వచ్చిందో రాయి మీద గీత గీయండి. ఐదింటికి మళ్ళీ ఒకటి. ఆ రెండు గీతలే మీకు ప్లాను.

ఎందుకంటే, మన విశాఖలో మే నెల రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ ఎలాగూ ఎవరూ బయట కూర్చోరు. మీరు కూర్చోవాలనుకునే నాలుగింటికి ఆయన పడమటికి బాగా వాలిపోయి ఉంటాడు. అప్పుడు 8 అడుగుల ఎత్తున గొడుగు వేస్తే దాని నీడ పదమూడు అడుగుల అవతల పడుతుంది. అంటే కుర్చీలో మీరు ఎండలో, మీ వంటింటి గోడ నీడలో. గొడుగు డబ్బులు అక్కడే మిగిలాయి.

మీకు కావలసింది నెత్తిన కప్పు కాదు, పడమటి పక్కన అడ్డు. 7 అడుగుల తడిక నిలబెడితే మే నెలలో నాలుగింటికి దాని నీడ దాదాపు 11 అడుగులు వస్తుంది. డెక్‌లో ముప్పాతిక భాగం చల్లబడ్డట్టే. సరుగుడు కర్రలు మన తీరంలో దొరకని ఊరుండదు. నాలుగు తెచ్చి, మట్టిలో పాతే రెండడుగుల మేర తారు పూసి, డెక్ చెక్కకు కాక నేలలోనే పాతండి. వాటికి వెదురు తడికలు కట్టించండి. దక్షిణం వైపు మాత్రం ఏ అడ్డూ పెట్టవద్దు, సాయంత్రం గాలి వచ్చే దారి అది. 30 వేలలో సగం దాకా ఈ నీడకే పోయినా బాధపడకండి.

పైన కూడా కాస్త కావాలనిపిస్తే షేడ్ నెట్ వేసుకోండి. ఆకుపచ్చది మాత్రం వద్దు. దాని కింద కూర్చున్న చుట్టాలందరూ పసిరికలు తిరిగినట్టు కనిపిస్తారు, మా మేనకోడలి నిశ్చితార్థం ఫొటోలు చూస్తే తెలుస్తుంది. తెలుపో, గోధుమరంగో తీసుకోండి. నీలం బరకం జోలికి అసలు పోకండి. వేడి కిందే నిలిచిపోతుంది, గాలికి తెరచాపలా ఉబ్బుతుంది.

గాలి సంగతి నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద ఆరు రేకులు బోల్టులు బిగించి మరీ వేయించాను, ఇక వందేళ్ళు కదలవనుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆరూ పోయాయి. ఒకటి రెండు వీధుల అవతల వేపచెట్టుకు కాగితంలా చుట్టుకుని కనబడింది. దాని దారిలో మనిషి లేకపోవడం నా అదృష్టం. అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతాను: తుపాను కబురు రాగానే ఇద్దరు మనుషులు పది నిమిషాల్లో విప్పి లోపల పెట్టగలిగేదే నీడ. అందుకే నట్లు, బోల్టులు కాకుండా నైలాన్ తాడు. కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. మామూలు ఇనుపవైతే ఉప్పుగాలికి తుప్పు కారి మీ చెక్క మీద ఎర్రటి చారలు దిగుతాయి.

కడప రాయి పీకించకండి. దాని మీద సున్నం కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, వాన పడగానే ఆ సున్నం పూల్‌లోకి దిగుతుంది, తడిస్తే కాలూ జారుతుంది. నాలుగున్నరకు రెండు బకెట్ల నీళ్ళు కళ్ళాపి చల్లినట్టు చల్లండి చాలు. మొదటి బకెట్‌కు రాయి బుస్సుమని ఆవిరి కక్కుతుంది, రెండోదానికి సద్దుమణుగుతుంది. మొక్కలున్న వైపు పూల్ నీళ్ళు పోయకండి, క్లోరిన్ పడదు. ఆ క్లోరిన్ కూడా పొద్దుగూకాక వేయించండి. పట్టపగలు వేస్తే సగం సరుకు ఎండే తినేస్తుంది.

సోఫా సంగతి. మీ అటక మీదో, పల్లెలోని పుట్టింట్లోనో నవారు మంచం ఒకటి ఉండే ఉంటుంది. దించి నవారు మార్పించండి. వెల్వెట్ దిండ్లకంటే కలంకారీ దుప్పటి మేలు, ఉతికి ఆరేస్తే సరి. పోర్టు పక్కన దొరికే ప్యాకింగ్ చెక్కతో బల్ల చేయించుకుంటానంటే చెక్క మీది ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది, పనికొస్తుంది. ‘ఎంబీ’ అంటే విషవాయువు పట్టించింది, వద్దు.

దీపాల దండలు మీవారి ముచ్చట కాబట్టి కాదనను. కాకపోతే 12 వోల్టులవే కొనండి. ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లోనే ఉండాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పరికరం) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే స్విచ్ వేయండి. నీళ్ళ పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెడితే మాత్రం నేనే వచ్చి పీకేస్తాను. చిన్నపిల్లలుంటే అసలు ముందు పూల్‌కు గేటు, గొళ్ళెం పైన.

ఇక మొక్కలు. తడిక మీదికి రాధామనోహరం పాకించండి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది, ఆ వాసన ఏ దీపాల దండా ఇవ్వదు. గన్నేరు వద్దు, విషం. మునగ కూడా వద్దు, దాని చిట్టి ఆకులు ఫిల్టర్‌ను పొట్టన పెట్టుకుంటాయి. రాధామనోహరం తడిక నిండా అల్లుకోవడానికి రెండు వానాకాలాలైనా పడుతుంది. అంతదాకా ఆ తడిక మీదే ఆనపపాదు పాకించండి, మీ అత్తగారి చేతుల మీదుగా. గింజలు రాత్రి నానబెట్టి, గోడకు రెండడుగులు ఎడంగా పెట్టమనండి. కాయ బరువెక్కి తీగ లాగుతుంటే, మంచానికి మార్చిన పాత నవారు ఉంది కదా, దాంతో కాయకో ఊయల కట్టండి.